లెడ్‌హిల్స్ పద్దులు: కొండ మీది సీసం గనికి సరుకు చేరిన దారి

గణితం చదివినవారికి స్టిర్లింగ్ పేరు ఫ్యాక్టోరియల్ దగ్గర, అంటే ఒకటి నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటినీ గుణించే లెక్క దగ్గర, ఎదురవుతుంది. పెద్ద సంఖ్యల ఫ్యాక్టోరియల్‌ను ఉజ్జాయింపుగా కట్టే సూత్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ సూత్రం ఉన్న గ్రంథం 1730లో అచ్చయింది. తర్వాత నాలుగైదేళ్లకే జేమ్స్ స్టిర్లింగ్ స్కాట్లండ్ కొండల్లో ఒక సీసం గనికి మేనేజరుగా వెళ్లారు. 1770లో కన్నుమూసేదాకా ఆ గనితోనే ఉన్నారు. ఈ సంగతి నాకు ఉద్యోగ విరమణ తర్వాత గాని తెలియలేదు. ఇరవై ఆరేళ్లు భూగర్భ గనుల స్టోర్సులోనూ కొనుగోళ్ల విభాగంలోనూ పనిచేసినవాణ్ణి. ఇండెంట్లు (సరుకు కావాలని రాసే కోరిక పత్రాలు), బిన్ కార్డులు (నిల్వ రాసుకునే కార్డులు), లారీ కిరాయి బిల్లులే నా చదువు. అంతటి గణితవేత్త కొవ్వొత్తుల పద్దు చూస్తూ ముప్ఫై అయిదేళ్లు గడిపారంటే అందులో ఆయనకు ఏం కనిపించిందో తెలుసుకోవాలనిపించింది.

అలా మొదలైన అధ్యయనం ఇది. నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే. పద్దెనిమిదో శతాబ్దపు సీసం గనికి సరుకుల ఖర్చు ఎక్కడ పుట్టేది, చివరికి ఎవరి నెత్తిన పడేది?

గని ఉన్న చోటు

లెడ్‌హిల్స్ దక్షిణ స్కాట్లండ్‌లో లోథర్ కొండల మధ్య ఉంది. ఎత్తు సుమారు 400 మీటర్లు. అక్కడికి దగ్గరలోని వాన్‌లాక్‌హెడ్‌తో కలిపి చూస్తే స్కాట్లండ్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊళ్లు ఈ రెండే. నేల హోప్‌టన్ ప్రభువులది. వారి దగ్గర కౌలుకు తీసుకుని గని నడిపింది స్కాట్స్ మైనింగ్ కంపెనీ. దాని భాగస్వాములు ఎక్కువగా లండన్‌లో ఉండేవారు. అంటే సొమ్ము ఒక రాజధానిలో, ఖనిజం చెట్టు కూడా సరిగా మొలవని కొండ మీద, సరుకు ఓడకెక్కే రేవు మరొక చోట. స్టిర్లింగ్ వచ్చేనాటికి కంపెనీ నష్టాల్లో ఉంది. ఆయన హయాంలో అది లాభాల్లో పడింది.

ఈ కొండ మీద దొరికేవి మూడే మూడు: సీసపు ఖనిజం, నీళ్లు, పీట్ మట్టి. పీట్ అంటే బురద నేలల్లో శతాబ్దాలుగా కుళ్లిన నాచు, గడ్డి గడ్డకట్టి ఏర్పడే ఇంధనం. దాన్ని ఎండాకాలంలో కోసి ఎండబెట్టుకోవాలి. తిండిగింజలు, కలప, ఇనుము, మందుగుండు, కొవ్వొత్తులు, బొగ్గు, సున్నం అన్నీ కింది నుంచి పైకి ఎక్కవలసినవే. స్టోర్సు మనిషి ఏ గనికి వెళ్లినా ముందు ఈ జాబితానే రాసుకుంటాడు. పైకి ఎక్కేది ఎంత, కిందికి దిగేది ఎంత. మిగతా లెక్కలన్నీ దాని వెనుక వస్తాయి.

బరువు

సీసం ఎంత బరువో సీసం మోసినవాడికే తెలుసు. ఒక టన్ను సీసం మొత్తం పరిమాణం 88 లీటర్లు. మన ఇళ్లకు వచ్చే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగైదు పేర్చితే ఎంత చోటు పడుతుందో అంతలో ఒక టన్ను కూర్చుంటుంది. గుర్రం వీపు మీద రెండు వైపులా కలిపి వంద కిలోల దాకా వేయగలరు. అంటే టన్నుకు పది గుర్రాలు. బండి కట్టినా అంతే, తొట్టి అడుగున నాలుగు దిమ్మెలు పరిచేసరికే ఇరుసు మూలుగుతుంది, పైన చోటంతా ఖాళీ. లెడ్‌హిల్స్ నుంచి ఎడిన్‌బరో పక్కనున్న లీత్ రేవుకు 80 కిలోమీటర్లకు తక్కువ లేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో అక్కడి బాటలు వానకు బురద, చలికాలంలో మంచు. పొలం పనుల రోజుల్లో గుర్రాలే దొరకవు, ఎందుకంటే సీసం మోసేవారిలో చాలామంది రైతులే.

ఇక్కడే మొదటి పెద్ద నిర్ణయం వస్తుంది. ఖనిజాన్ని కరిగించడం కొండ మీదా, రేవు దగ్గరా? గలీనా అనే ఆ ఖనిజంలో శుద్ధ రూపంలో 86 శాతానికి పైగా సీసమే. అయినా కడిగి దంచి సిద్ధం చేసిన ఖనిజం నుంచి ఆనాటి కొలిమిలో చేతికొచ్చేది నూటికి 65, 70 పాళ్లు. టన్ను సీసం కావాలంటే టన్నున్నర ఖనిజం కావాలన్నమాట. రేవు దగ్గర కరిగిస్తే ఆ అదనపు అర టన్ను బరువుకు కూడా 80 కిలోమీటర్ల కిరాయి కట్టాలి. కొండ మీద కరిగిస్తే ఇంధనం కావాలి, అది పీట్ రూపంలో కాళ్ల కిందే ఉంది. అందుకే కొలిమి గని పక్కనే వెలిసింది. నిప్పు రాజేసే తిత్తులను నీటిచక్రం ఆడించేది. పీట్‌తో పాటు కొంత బొగ్గు, సున్నం పైకి తెప్పించుకునేవారు.

తిత్తుల విషయంలో స్టిర్లింగ్ చేసిన పని ఒకటి నాకు ఎంతో ఇష్టం. పై నుంచి పడే నీటిధార తనతో గాలిని లాక్కుపోతుంది. ఆ గాలిని కింద ఒక తొట్టెలో పట్టి గొట్టం ద్వారా నిప్పు మీదికి వదలవచ్చు. ఇటువంటి యంత్రాన్ని వివరిస్తూ ఆయన 1745లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఇందులో కదిలే భాగాలు లేవు, తోలు లేదు, కందెన అక్కరలేదు. తోలు తిత్తులు చిరిగితే కొత్త తోలు కింది నుంచి రావాలి, అది వచ్చేదాకా కొలిమి ఆగాలి. నీటిధారకు స్పేర్ పార్టు అవసరం లేదు. సరుకు ఖర్చు తగ్గించడానికి అన్నిటికంటే గట్టి మార్గం ఆ సరుకు అవసరమే లేకుండా చేయడం. దీన్ని నాకు ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

తిరుగు బండి

సీసం దింపి లీత్ నుంచి వట్టి బండితో వెనక్కి వస్తే రెండు వైపుల ఖర్చూ సీసం మీదే పడుతుంది. కొండ మీద ఉన్న వందలాది కుటుంబాలకు తినడానికి ఓట్స్ పిండి కావాలి. సొరంగం పైకప్పుకు ఊతంగా కలప కావాలి, ఆ కలప నార్వే నుంచి ఓడల్లో స్కాట్లండ్ రేవులకు వచ్చేది. అందుకని కిందికి సీసం, పైకి పిండి, కలప, ఇనుము అన్న ఏర్పాటు కుదిరింది.

మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అదే శతాబ్దంలో లంబాడీలు పెరిక ఎద్దుల మీద కోస్తా ఉప్పును దక్కన్ లోపలికి తీసుకుపోయి, అక్కడి ధాన్యాన్ని వెనక్కి తెచ్చేవారు. ఏ వైపూ ఎద్దు వట్టి వీపుతో నడవకపోవడమే ఆ వర్తకానికి ప్రాణం. లెడ్‌హిల్స్‌లో తేడా ఒక్కటే. లంబాడీ తన సరుకును తనే కొని తనే అమ్ముకునేవాడు. ఇక్కడ రెండు వైపుల సరుకూ కంపెనీదే, బండివాడికి దక్కేది కిరాయి మాత్రమే.

ఈ తిరుగు సరుకులో పిండి చాలా ముఖ్యమైనది. గనికి మందుగుండు వారం రోజులు ఆలస్యమైతే ఉలితో, సుత్తితో పని సాగుతుంది. పిండి ఆలస్యమైతే ఊరే ఖాళీ అవుతుంది. 1740 చలికాలం యూరప్ అంతటా భయంకరంగా నడిచింది, స్కాట్లండ్‌లో ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ తిండిగింజలు ప్రియమయ్యాయి. అటువంటి ఏళ్లలో కొండ మీది గనికి ముందుగా గిడ్డంగి నింపుకోవడం తప్ప మరో దారి లేదు. ఉత్తర ఇంగ్లండులో ఆల్‌స్టన్ మూర్ గనులు నడిపిన లండన్ లెడ్ కంపెనీ కూడా కరువు సంవత్సరాల్లో ధాన్యం టోకున కొని కార్మికులకు కొన్న ధరకే ఇచ్చేది. 1692 నాటి రాజపత్రంతో ఏర్పడి, ఆ తర్వాత క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి చేతికి వచ్చిన కంపెనీ అది. దీన్ని దానం అని రాసినవారున్నారు. నేను అలా అనుకోను. వానాకాలం ముందు మూడు నెలల స్టాకు నింపుకోని గని ఎలా మూతపడుతుందో దగ్గరగా చూశాను. ధాన్యం కొనడం మంచి మనసుతో చేసిన పనే కావచ్చు, అంతకు ముందు అది గని నడవడానికి తప్పని పని.

స్టిర్లింగ్ కాలంలో లెడ్‌హిల్స్ గని కార్మికుడికి రోజుకు ఆరు గంటలే పని. ఇరుకు సొరంగాల్లో, చెడ్డ గాలిలో అంతకు మించి మనిషి నిలవలేడన్నది ఒక కారణం. మిగిలిన వేళల్లో వారు కొండవాలును పారతో తవ్వి చిన్న మడులు చేసుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. ఆ మడిలో పండిన ప్రతి గంప కూరగాయలూ 80 కిలోమీటర్ల కిరాయి తప్పించుకున్న సరుకే అని నా స్టోర్సు బుర్రకు తోస్తుంది. 1741లో ఆ గని కార్మికులే చందాలు వేసుకుని పుస్తకాలయం పెట్టుకున్నారు. మొదటి సభ్యులు 23 మంది, వారిలో మతగురువు, బడి పంతులు తప్ప మిగిలినవారంతా గనిలో పనిచేసేవారే. ఆ పుస్తకాలూ బండి ఎక్కే వచ్చి ఉంటాయి.

బేరం, కొవ్వొత్తి

ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువ కాలం ఆపింది ఈ భాగమే.

ఆనాటి సీసం గనుల్లో రోజు కూలికి పనిచేయడం అరుదు. నలుగురో ఆరుగురో ఒక ముఠాగా చేరి కంపెనీతో బేరం కుదుర్చుకునేవారు. బేరం రెండు రకాలు. రాతిలో దారి తొలిచే పనికి ఫాథమ్‌కు, అంటే ఆరడుగులకు, ఇంత అని ఒకటి. తీసిన ఖనిజం నుంచి వచ్చే సీసానికి టన్నుకు ఇంత అని మరొకటి. ఖనిజపు పొర మందంగా ఉంటే రేటు తక్కువ, సన్నగా ఉంటే ఎక్కువ. పొర ముందు ఎలా ఉందో ఎవరూ చూడలేదు గనుక ఇది ఇద్దరికీ పందెమే.

ఈ బేరంలో కొవ్వొత్తులు, మందుగుండు, పనిముట్లకు పదును పెట్టే ఖర్చు ముఠా ఖాతాలో పడేవి. సరుకు కంపెనీ గిడ్డంగి నుంచే తీసుకోవాలి, సంవత్సరాంతంలో లెక్క తేలినప్పుడు విరగ్గోస్తారు. కొవ్వొత్తి అన్న మన మాటలోనే కొవ్వుతో చేసిన వత్తి అన్న అర్థం ఉంది. అక్కడివీ పశువుల కొవ్వుతో చేసినవే. చీకట్లో వెలిగే ప్రతి అంగుళం కొవ్వు ముఠా జేబులోదే.

మేనేజరు వైపు నుంచి చూస్తే ఇది చక్కని ఏర్పాటు. వాడకం మీద కాపలా పెట్టనక్కరలేదు. సరుకు వృథా అయితే వృథా చేసినవాడే కడతాడు. నేనూ ఒకప్పుడు ఇలాగే ఆలోచించాను. నేను పనిచేసిన ఒక గనిలో డ్రిల్ బిట్ల, అంటే రాతిని తొలిచే యంత్రపు మొనల, ఖర్చు అదుపు తప్పింది. కాంట్రాక్టు ముఠాల బిల్లులోంచి బిట్ల ఖరీదు కోయాలని నేనే ప్రతిపాదించాను. రెండు నెలల్లో బిట్ల వాడకం మూడో వంతు పడిపోయింది. పై అధికారులు మెచ్చుకున్నారు. నాలుగో నెలలో మా స్టోర్ కీపర్ ఒకాయన నా గదికి వచ్చి, "సార్, వాళ్లు అరిగిపోయిన బిట్లతోనే లాగుతున్నారు, ఒకసారి కిందికి దిగి చూడండి" అన్నారు. దిగి చూశాను. గంటలో పడవలసిన రంధ్రానికి రెండు గంటలు పడుతోంది. యంత్రం అదిరి మనుషుల చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. నేను మిగిల్చిన డబ్బు స్టోర్సు పద్దులో కనిపించింది. దాని వల్ల పోయినది ఉత్పత్తి పద్దులోనూ ఆ చేతుల్లోనూ ఉంది. ఆ కోత ఎత్తివేయించడానికి మరో అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాధపడుతుంది.

అందుకే లెడ్‌హిల్స్ కొవ్వొత్తుల కోతను పొదుపు అని ఊరికే మెచ్చుకోలేను. మసక వెలుగులో కొట్టిన సుత్తి ఎక్కడ తగులుతుందో ఆ పద్దు చెప్పదు.

ఏడాది పాటు చిక్కుకున్న సొమ్ము

గని ఖనిజం తీసిన రోజుకూ సీసం అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుకూ మధ్య ఎంత కాలం? ఖనిజం కడగాలి, నీళ్లు గడ్డకట్టే చలికాలంలో ఆ పని సాగదు. కరిగించాలి. బాటలు ఆరాక బండి కట్టాలి. లీత్‌లో ఓడ దొరకాలి. హాలండ్‌లో కొనేవాడు దొరకాలి, అతను రాసిచ్చిన హుండీ, అంటే సొమ్ము చెల్లింపు పత్రం, లండన్‌లో నగదుగా మారాలి. ఏడాది పట్టడం వింత కాదు. బ్రిటన్‌లో 1714 తర్వాత చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ నూటికి 5. ఈ లెక్కన వంద పౌండ్ల సీసం ఏడాది నిలిస్తే, ఏ పద్దులోనూ విడిగా రాయని అయిదు పౌండ్లు కరిగిపోతాయి.

ఈ ఎదురుచూపు భారాన్ని కంపెనీ ఒక్కటే మోయలేదు. కార్మికుడికి పూర్తి లెక్క ఏడాదికోసారి తేలేది. మధ్యలో అతనికి పిండి, కొంత బయానా. సంవత్సరాంతంలో బేరం సొమ్ములోంచి పిండి, కొవ్వొత్తులు, మందుగుండు, బయానా తీసేస్తే మిగిలింది అతనిది. మంచి పొర తగిలిన ఏడు నాలుగు డబ్బులు మిగిలేవి. తగలని ఏడు అతనే కంపెనీకి బాకీ. స్కాట్లండ్ గనుల్లో ఇలా బాకీ పడి ఉన్నవారు చాలామంది. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తన శ్రమను ఏడాది ముందుగా అప్పిచ్చినవాడు కార్మికుడు, కాని పుస్తకంలో బాకీదారుగా కనిపించిందీ అతనే. పిండి కొన్న ధరకే ఇచ్చినా ఈ తలకిందుల లెక్క సరికాదు.

భూమి యజమాని సంగతి వేరు. హోప్‌టన్ ప్రభువుకు కౌలు డబ్బుగా కాక సీసపు దిమ్మెల్లో ఒక వంతుగా వెళ్లేది. కంపెనీకి ఇది నిజంగా మేలు చేసింది. సీసం ధర పడితే కౌలు విలువా దానంతట అదే పడుతుంది. నగదు కౌలు అయి ఉంటే ధర పడిన ఏడు దిమ్మెలు అడ్డంగా అమ్ముకుని కట్టవలసి వచ్చేది. ఆ కాలపు ఒప్పందాల్లో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచింది ఇదే. నేటి గని లీజులు రాసేవారు దీన్ని చదవాలని నా కోరిక.

రేవు దాటాక

నేల మీద అంత బాధ పెట్టిన బరువు ఓడలో మేలవుతుంది. ఓడ నిలకడగా సాగడానికి అడుగున ఎలాగూ బరువు కావాలి. రాళ్ల బదులు సీసం వేస్తే బరువుకు బరువు, సరుకుకు సరుకు. అందుకే సముద్రం మీద సీసం కిరాయి చవక. లెడ్‌హిల్స్ సీసంలో చాలా భాగం హాలండ్ వెళ్లేది. అక్కడ దాన్ని పులిసే పదార్థాల ఆవిరికి గురిచేసి తెల్ల రంగుగా మార్చే పరిశ్రమ పెద్దది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఇంగ్లండు నుంచి మన తీరానికి తెచ్చిన సరుకుల్లోనూ ఉన్ని బట్టలతో పాటు సీసం ఉండేది. చైనా నుంచి యూరప్‌కు తేయాకు తెచ్చిన పెట్టెల లోపల తేమ తగలకుండా పరిచినవి సీసపు రేకులే.

ఇంటి కప్పులు, నీటి గొట్టాలు, తూటాలు, రంగు, తేయాకు పెట్టెలు ఇలా కొనేవారు పలువిధాలు. అందువల్ల ఒక గిరాకీ పడినా మరొకటి ఆదుకునేది. యుద్ధం వస్తే మాత్రం లెక్క తారుమారు. తూటాల గిరాకీ పెరుగుతుంది, అదే సమయంలో ఓడ బీమా పెరుగుతుంది, కొన్ని రేవులు మూతపడతాయి.

గనిలో ఊరే నీళ్లు తోడటం గురించి ఒక మాట. పక్కనున్న వాన్‌లాక్‌హెడ్‌లో 1779లో జేమ్స్ వాట్ రకం ఆవిరి యంత్రం పెట్టారు. లోతు పెరిగే కొద్దీ నీటిచక్రం చాలక తీసుకున్న నిర్ణయం అది. దానితో బొగ్గు మోత కొత్త శాశ్వత ఖర్చయింది. స్టిర్లింగ్ కొండ నీటినే నమ్ముకున్న కాలం అప్పటికి దాటిపోయింది.

పద్దులో లేనిది

కొలిమి పొగను అక్కడివారు మిల్ రీక్, అంటే మిల్లు పొగ అనేవారు. అదే పేరు దాని వల్ల వచ్చే జబ్బుకూ పెట్టారు. కడుపులో మెలిపెట్టే నొప్పి, చేతుల్లో పట్టు పోవడం, చివరికి మతి తప్పడం. పొగ వాలిన గడ్డి తిన్న పశువులు చచ్చేవి. ఉత్తర ఇంగ్లండులో సీసం మోసే గుర్రాలు దారిలో ఆ గడ్డి మేయకుండా మూతులకు చిక్కాలు కట్టేవారు. గుర్రం పోతే కిరాయి పెరుగుతుంది గనుక చిక్కం దొరికింది. కొలిమి దగ్గర నిలబడ్డ మనిషికి అటువంటిదేదీ దొరకలేదు. మనిషి పోతే పద్దులో కదిలే అంకె లేదు మరి.

సరుకుల ఖర్చు మీద రాస్తూ దీన్ని వదలలేకపోయాను. టన్ను సీసానికి అయిన ఖర్చు అని నేను కట్టిన ప్రతి లెక్కలోనూ ఈ వరుస ఖాళీగానే మిగిలింది.

క్లైడ్ నది

1752లో గ్లాస్గో నగరం స్టిర్లింగ్ చేత క్లైడ్ నదిని సర్వే చేయించింది. లాకులు కట్టి నదిని లోతు చేసి ఓడలను నగరందాకా రప్పించాలన్నది ఆలోచన. ఆ శ్రమకు గుర్తుగా నగరం ఆయనకు వెండి టీ కెటిల్ బహూకరించింది. పదిహేడేళ్ల పాటు గుర్రాల కిరాయి బిల్లుల మీద సంతకం పెట్టిన మనిషి నీటి మీద రవాణా ఎంత చవకో కొలిచి చెప్పడానికి ఎంత ఉత్సాహంతో ఒడ్డు వెంట నడిచి ఉంటారో నేను ఊహించగలను.

లెడ్‌హిల్స్‌కు మాత్రం ఏ కాలువా ఎక్కలేదు. రైలు 1901లో వచ్చింది, మరుసటి ఏడు వాన్‌లాక్‌హెడ్ దాకా పొడిగించారు. అప్పటికి స్టిర్లింగ్ పోయి 131 ఏళ్లు. 1938 చివరి రోజున ఆఖరి బండి నడిచింది, తర్వాత పట్టాలు పీకేశారు.